బెంగళూరు పింక్ ఫ్లాయిడ్ ట్రిబ్యూట్ షో: నాలుగు టికెట్ల సొమ్ము వాపసు కోసం ఫిర్యాదు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: గత శనివారం షోలో చెప్పినవి ఇవ్వకపోవడం గురించి.

అయ్యా/అమ్మా,

బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ పాటలను వేరే బ్యాండ్ వాయించే ట్రిబ్యూట్ షోకి మీ యాప్‌లో నాలుగు గోల్డ్ టికెట్లు కొని హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లాం. ‘షో జరిగింది కాబట్టి రిఫండ్ రాదు’ అని మీ కస్టమర్ కేర్ మూడుసార్లు ఒకే జవాబు పంపింది. షో జరగలేదని మేం అనలేదే! మీరు అమ్మింది ఒకటి, అక్కడ జరిగింది ఇంకొకటి.

టికెట్ పేజీలో మీరు రాసింది ఇదీ: పింక్ ఫ్లాయిడ్ 1973 నాటి ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఆల్బమ్ మొత్తం, లైవ్ శాక్సఫోన్, గాయని, నాలుగు మూలల నుంచి క్వాడ్ సౌండ్. ఆల్బమ్ ఇంట్లోనే వినొచ్చు, 43 నిమిషాల్లో అయిపోతుంది. ట్రిబ్యూట్ బ్యాండ్ కోసం రాత్రంతా రైల్లో కూర్చునేది ఈ మిగతా వాటి కోసమే.

శాక్సఫోన్ వాయించే మనిషే రాలేదు. కీబోర్డులో శాక్స్ టోన్ పెట్టి కానిచ్చేశారు. ఆ ఆల్బమ్‌లోని ‘మనీ’ ఏడు మాత్రల పాట, మన మిశ్రచాపు లెక్క అనుకోండి. శాక్స్ సోలో ఆ ఏడులోనే నడిచి, గిటార్ దగ్గరికి వచ్చేసరికి నాలుగుకి మారుతుంది. ఆ మలుపు కోసమే జనం ఎదురుచూస్తారు. మొదట్లో వచ్చే చిల్లర గలగలల లూప్ (పదే పదే తిరిగే రికార్డింగ్) డ్రమ్మర్‌కు వినిపించే మానిటర్ స్పీకర్‌లోకి వెళ్లనేలేదు. ఒక మాత్ర తేడాతో ఎత్తుకుని, ఆపి, మళ్లీ మొదలెట్టారు. పాపం అతని తప్పు కాదు, సౌండ్‌చెక్ సరిగా జరగలేదు.

‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’లో పాడటానికి సాహిత్యం ఉండదు, గొంతే పాట. గాయని మైకు నడుము దాకా దించినా గొంతు రవ్వంత తగ్గలేదు. అది ముందే రికార్డు చేసిన ట్రాక్. వీడియో జత చేశాం.

క్వాడ్ సౌండ్ అసలు సంగతి చెప్పాలి. పింక్ ఫ్లాయిడ్ 1967లోనే లండన్‌లో హాలు చుట్టూ శబ్దాన్ని తిప్పి వినిపించింది. మీ షోలో వెనక మూలల్లో స్పీకర్లు పెట్టారు గానీ, వాటిలోనూ ముందు వచ్చే శబ్దమే, అదీ డిలే పెట్టకుండా, అంటే స్టేజీ శబ్దం చేరేదాకా కాస్త ఆలస్యం చేయకుండా వదిలారు. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. స్టేజీకి 34 మీటర్ల దూరంలో, వెనక స్పీకర్ పక్కనే ఉన్న మా వరుసకు ముందు ఆ స్పీకర్ దెబ్బ, సెకనులో పదో వంతు తర్వాత స్టేజీ దెబ్బ వినిపించాయి. ప్రతి స్నేర్ డ్రమ్ దెబ్బా రెండు దెబ్బలే. దూరాన్ని 343తో భాగించి, వచ్చిన సెకన్ల డిలేను సౌండ్ ప్రాసెసర్‌లో వేస్తే సరిపోయేది.

ఏడింటి షో 8:20కి మొదలైంది. గంటసేపు వేరే హిట్లు వాయించి 9:20కి ఆల్బమ్ ఎత్తుకున్నారు. ఆరుబయట రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకర్లు ఆపాలని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ‘మనీ’ రెండుసార్లు మొదలెట్టిన ఆలస్యం కూడా తోడై, చివరి రెండు పాటలు లేకుండానే కరెంటు తీసేశారు. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతో ముగిసే ఆల్బమ్ అది. దాని ముగింపే లేదు.

‘ఆర్టిస్టులు మారవచ్చు’ అనే షరతు చూపించకండి. షో రోజు సాయంత్రం 4:10కి మీ పేజీలో ‘లైవ్ శాక్సఫోన్’ అన్న మాట మాయమైంది. ముందూ తర్వాతా తీసిన స్క్రీన్‌షాట్లు మా దగ్గరున్నాయి. అంటే మీకు తెలుసు. కొన్నవాళ్లకు ఒక్క మెసేజ్ కూడా రాలేదు.

లెక్క ఇది: టికెట్లు 4×1,999 = రూ. 7,996. కన్వీనియన్స్ ఫీజు 4×140 = రూ. 560. దానిపై 18 శాతం జీఎస్టీ రూ. 100.80. ముందే టిక్ పెట్టి ఉంచిన విరాళం రూ. 20. మొత్తం రూ. 8,676.80. అడగకుండా విరాళం కలపడం 2023 డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను మభ్యపెట్టే ఆన్‌లైన్ ఎత్తుగడలు) మార్గదర్శకాల ప్రకారం నిషిద్ధం, అది విడిగా గమనించండి. రైలు చార్జీలు మేం అడగడం లేదు.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఈ ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మేముండే హైదరాబాద్‌లోనే కేసు వేయొచ్చు, ఈ మొత్తానికి ఫీజు కూడా లేదు.

జతలు: టికెట్లు, బిల్లు, రెండు స్క్రీన్‌షాట్లు, వీడియో.

ఇట్లు,
నలుగురు టికెట్‌దారులు, హైదరాబాద్