కోళ్లకు పోసే ప్యాకెట్‌లో ఏముందో చెప్పండి సార్: పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

వరంగల్ జిల్లాలో బ్రాయిలర్ కోళ్లు పెంచుకునే రైతును. కోళ్ల పేగుకు మేలు చేస్తాయని పోసే బ్యాక్టీరియా, అంటే ప్రోబయోటిక్ ప్యాకెట్ల గురించి మేమిచ్చిన అర్జీలు ఏ ఫైలు కింద పడి ఉన్నాయో తెలియదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నా.

యాంటీబయాటిక్స్ తగ్గించమన్నారు, తగ్గించాం. 2019లో కేంద్రం కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్లకు, పశువులకు వాడకుండా నిషేధిస్తే ఎదురు చెప్పలేదు. మనుషులకు ఆఖరి ఆసరాగా దాచుకునే మందును కోళ్లకు పోయడం తప్పేనని మాకూ తెలుసు. బదులుగా మంచి బ్యాక్టీరియా వాడమని మీటింగుల్లో చెప్పారు, వాడుతున్నాం. తీరా చూస్తే ఆ మంచి బ్యాక్టీరియాలోనే యాంటీబయాటిక్‌కు లొంగకుండా చేసే జన్యువులు ఉండొచ్చట! అవి కోడి పేగులో పక్కనున్న బ్యాక్టీరియాకు కూడా దాటవచ్చట. అంటే ముందు తలుపుకు తాళం వేయించి, పెరటి తలుపు తెరిపించారన్నమాట.

ఇది ఉత్త భయం కాదు. టాయోసెరిన్ అనే దాణా ప్రోబయోటిక్‌లోని బ్యాక్టీరియాలో టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్స్‌ను తట్టుకునేలా చేసే జన్యువులు బయటపడ్డాయి. 2015లో యూరప్ దానికి అనుమతి నిరాకరించింది. అక్కడ బ్యాక్టీరియా జీనోమ్, అంటే దాని జన్యు సమాచారం మొత్తం చదివి చూపిస్తేనే దాణాలోకి రానిస్తారు.

మరి మా ప్యాకెట్ మీద? నిగనిగలాడే కోడి బొమ్మ, కోట్ల కణాలన్న గొప్ప, లాక్టోబాసిల్లస్, ఎంటరోకాకస్ అని పేర్లు. ఆ జాతిలో కచ్చితంగా ఏ రకం, అంటే ఏ స్ట్రెయిన్ అన్నది ఉండదు. డీలర్‌ను అడిగితే కంపెనీని అడగమంటాడు. కంపెనీకి ఫోన్ చేస్తే కోడి బరువు ఎంత పెరుగుతుందో చెప్తారు. మందుల సంగతి చూసే ఆఫీసులో "ఇది మందు కాదు, దాణాలో కలిపేది" అన్నారు. పశువుల ఆఫీసులో "అమ్మకాలు మా చేతిలో లేవు" అన్నారు. మరి ఎవరి చేతిలో ఉన్నాయంటే, అర్జీ పెట్టి వెళ్లమన్నారు. పెట్టాం. ముద్ర మాత్రం స్పష్టంగా పడింది, సంతోషం.

బ్యాచ్ ఎత్తాక ఊకతో సహా పెంట మిర్చి చేలకు పోతుంది. పేగులో ఉన్నదీ దాంతోపాటే పోతుంది. ఆ పెంట ఎత్తేది చేతులకు తొడుగుల్లేని మా మనుషులే.

అన్ని ప్రోబయోటిక్స్ చెడ్డవని నేననడం లేదు. చాలా లాక్టోబాసిల్లస్ రకాలు వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు పుట్టుకతోనే లొంగవు, దాంతో పెద్ద ప్రమాదం లేదంటారు. భయమంతా బయటినుంచి వచ్చి చేరి, ఇతర బ్యాక్టీరియాకు దాటే జన్యువులతోనే. ఆ తేడా తేల్చాల్సింది ల్యాబు, షెడ్డులో నిలబడ్డ రైతు కాదు. మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది. జీనోమ్ పరీక్ష అక్కడ చేయిస్తారో, హైదరాబాద్‌లో చేయిస్తారో మీ ఇష్టం. చేయించండి. స్ట్రెయిన్ పేరు ప్యాకెట్ మీద అచ్చు వేయించండి, పరీక్ష ఫలితం తెలుగులో మాకు చెప్పించండి. ప్రమాదం లేదని తేలనివాటిని అమ్మకం నుంచి ఆపండి.

అంతదాకా ఏది వాడొచ్చో ఒక్క పేరైనా చెప్పండి సార్. కొత్త బ్యాచ్ పిల్లలు దిగాయి, పొద్దున్నే నీళ్ల ట్యాంకులో ఏదో ఒకటి కలపాలి.

ఇట్లు,
ఒక కోళ్ల రైతు,
వరంగల్ జిల్లా