న్యూట్రాన్లు ఎక్కువైనా చిక్కే

ఎడిటర్ గారికి,

మీ విద్యార్థుల పేజీలో పరమాణు కేంద్రకం మీద వేసిన వ్యాసం బాగుంది, కానీ ‘న్యూట్రాన్లు ఎంత ఎక్కువ ఉంటే కేంద్రకం అంత స్థిరం’ అన్న ముక్క మాత్రం తప్పు. మా ఇంటర్ పిల్లలు దాన్నే బట్టీపట్టి, పేపర్లో వచ్చింది కదా సార్ అని నాతోనే వాదిస్తున్నారు.

హైడ్రోజన్‌నే తీసుకోండి. ప్రోటాన్‌కు ఒక న్యూట్రాన్ తోడైతే డ్యుటీరియం, అది ఎన్నాళ్లయినా చెక్కుచెదరదు. ఇంకొకటి చేరిందా, ట్రిటియం! దాని అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం క్షయమయ్యే కాలం, 12.3 ఏళ్లే. కార్బన్‌లోనూ అంతే, ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి 12, 13 ఉంటే స్థిరం, 14 అయితే రేడియోధార్మికం.

న్యూట్రాన్ల వల్ల మేలు లేదని కాదు. ప్రోటాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, ఆ నెట్టుడు కేంద్రకం ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఉంటుంది. కలిపి ఉంచే కేంద్రక బలమేమో పక్కనున్నవాటి వరకే, రెండు మూడు ఫెర్మీలు (ఫెర్మీ అంటే మీటరులో వెయ్యి లక్షల కోట్ల వంతు) దాటితే దాదాపు లేనట్టే. అందుకే బరువైన కేంద్రకాలకు ఆవేశం లేని న్యూట్రాన్లు ఎక్కువ కావాలి. సీసం-208లో 82 ప్రోటాన్లకు 126 న్యూట్రాన్లున్నాయి. కాకపోతే కేంద్రకంలో శక్తి స్థాయిలు మెట్లలాంటివి, ప్రోటాన్లవి వేరు, న్యూట్రాన్లవి వేరు, ఒక్కో మెట్టు మీద ఇన్నే పడతాయన్నది పౌలీ నియమం. కింది మెట్లు నిండిపోతే కొత్తగా వచ్చిన న్యూట్రాన్ పైకెక్కక తప్పదు, ప్రోటాన్ల వైపు అంతకంటే కింద మెట్టు ఖాళీగా ఉంటే అది ప్రోటాన్‌గా మారి అక్కడికి దిగిపోతుంది. బీటా క్షయం అంటే ఇదే, పిల్లలకు ఈ ఒక్కటి చెబితే మిగతాది వాళ్లే అల్లుకుపోతారు.

మెట్ల వరస పూర్తిగా నిండినప్పుడు కేంద్రకం మరీ గట్టిగా ఉంటుంది, ప్రోటాన్లో న్యూట్రాన్లో ఇన్ని ఉన్నప్పుడన్నమాట: 2, 8, 20, 28, 50, 82, 126. ఈ అంకెలు ఎందుకొస్తాయో చెప్పినందుకే శాస్త్రవేత్తలు మారియా గెప్పర్ట్ మేయర్, యెన్సెన్‌లకు 1963లో నోబెల్‌లో వాటా దక్కింది. 50 ప్రోటాన్ల తగరానికి స్థిరమైన ఐసోటోపులు (న్యూట్రాన్ల సంఖ్యలో తేడా ఉన్న రూపాలు) 10, మరే మూలకానికీ అన్ని లేవు. 43 ప్రోటాన్ల టెక్నీషియానికి ఒక్కటీ లేదు, న్యూట్రాన్లు ఎన్ని కలిపినా సరే.

పనిలో పని, పక్కన బాక్సులో ఇనుము-56కు బంధన శక్తి, అంటే కేంద్రకాన్ని విడగొట్టడానికి కావాల్సిన శక్తి, అత్యధికమని వేశారు. ఒక్కో న్యూక్లియాన్ (ప్రోటాన్ గానీ న్యూట్రాన్ గానీ) లెక్కన మొదటి స్థానం నికెల్-62ది, 8.795 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, ఇనుము-56ది 8.790. తేడా పిసరంతే, కానీ ఎంట్రన్స్ పరీక్షలో రెండూ ఆప్షన్లుగా ఇస్తే మార్కు పోయేది పిల్లలకే. వచ్చే వారం పేజీలో రెండూ సవరించి వేయగలరు.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ లెక్చరర్, తెనాలి