వార్షిక నివేదిక: నీలిచారల ఈగలు, మట్టి గోడలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

మన ఆశయాలు మీకు తెలిసినవే. ఈ ఏడాది శ్రమంతా పత్తికొండ చుట్టుపక్కల పాత మట్టి మిద్దెల గోడల్లో, చేలగట్లలో బొరియలు తవ్వుకునే నీలిచారల తేనెటీగ, అమెగిల్లా కోసం పెట్టాం. చలిదేశాల్లో వసంతంలో నేల తవ్వే ఆండ్రీనా అనే ఈగలాగే ఇదీ ఒంటరిదే. రాణి ఉండదు, తుట్టె ఉండదు. ప్రతి ఆడ ఈగా తన బొరియ తానే తవ్వి, గదికి నీళ్లు ఇంకని పూత పూసి, పుప్పొడి, మకరందం కలిపిన మేత నింపి, ఒక్క గుడ్డు పెట్టి మూసేస్తుంది.

టమోటా, వంగ రైతులకు దీని విలువ చెప్పడానికే ఎక్కువ తిరిగాం. ఆ పూలలో పుప్పొడి కేసరాల లోపలే ఉండిపోతుంది. ఈ ఈగ పువ్వును పట్టుకుని, రెక్కల కండరాలను జుమ్మని అదిరిస్తే గాని సరిగా రాలదు. పెట్టెల్లో పెంచే తేనెటీగలకు ఆ విద్య రాదు. టమోటా పువ్వు నడిమి పసుపు గొట్టం మీద గోధుమరంగు మచ్చ కనిపిస్తే ఇదో, నల్ల తుమ్మెదో వచ్చిపోయి ఉండొచ్చు.

ఈగలు బొరియలు తవ్వుకోవడానికి చేయించిన మట్టి దిమ్మెలు మొదటి విడత పనికిరాలేదు. గట్టిగా ఉంటాయని సిమెంటు కలిపారు, ఒక్క ఈగా తవ్వలేకపోయింది. రెండోసారి జల్లెడ పట్టిన ఎర్రమట్టిలో కాస్త ఇసుక కలిపి, నీడన ఆరబెట్టాం. గోరుతో గీస్తే పొడి రాలాలి, అంచు మాత్రం విరగకూడదు. ఇసుక ఎక్కువైతే బొరియ కూలుతుంది. పచ్చిగా ఉండగానే పెన్సిలుతో 8 మిల్లీమీటర్ల వెడల్పున, వేలి కణుపంత లోతున పొడిస్తే చాలు, మిగతాది ఈగే తవ్వుకుంటుంది. వానజల్లు తగలని చూరు కిందే పెట్టాలి.

మనకు గర్వకారణం బడిపిల్లలతో చేసిన సాయంత్రపు నడక. గట్టు మీది ఒక ఎండుపుల్లను మగ ఈగలు దవడలతో కరిచి పట్టుకుని, కాళ్లు ముడుచుకుని వరుసగా నిద్రపోతుంటే పిల్లలు గుసగుసగానే లెక్కపెట్టారు. ఆ పుల్లలను కాల్చకుండా వదిలిన రైతులకు, పిల్లలను పంపిన ఉపాధ్యాయులకు, మట్టి ఇచ్చిన కుమ్మరులకు, గోడలకు పూత పూయకుండా ఆగిన గృహిణులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

బాధ కలిగించినవీ రాయాలి. దిమ్మెలు మోసే రోజు పేర్లిచ్చిన వారిలో సగంమంది రాలేదు. పొద్దున పూట పురుగుమందు పిచికారీ ఆపించమని అధికారులకు పెట్టిన అర్జీకి జవాబే లేదు. కందిరీగలనుకుని బొరియల్లో కిరోసిన్ పోసినవారూ ఉన్నారు. ఇవి గూడు కాపలా కాయవు, చేత్తో నలిపితే తప్ప కుట్టవు.

జమాఖర్చుల పట్టిక చివరి పేజీలో ఉంది. మిగులు కొద్దిగానే ఉంది.

కొత్త దిమ్మెలకు మట్టి తోలించాం. జల్లెడలు సంఘం గదిలోనే ఉన్నాయి. మనుషులు రావాలి.

కార్యదర్శి