ఆటోమేటిక్ డిక్కీ కిట్లు ఇక బిగించం: ఎందుకో మీకు తెలియాలి

మన షాపుకు ఏళ్లుగా వస్తున్న అందరికీ నమస్కారం. ఈ వారం నుంచి మూసాపేట షాపులో పవర్ టెయిల్‌గేట్ కిట్లు, అదే మనమంతా ఆటోమేటిక్ డిక్కీ అంటున్నవి, బిగించడం ఆపేశాం. సీటు కవర్లు, కెమెరాలు, మ్యాట్ల పని ఎప్పటిలాగే నడుస్తుంది.

దసరా అయిన వారానికి నిజాంపేట నుంచి పాత కస్టమర్ ఒకాయన ఫోన్ చేశారు. వాళ్లమ్మగారు డిక్కీలోంచి కూరగాయల సంచి తీస్తుంటే ముందు సీట్లో కూర్చున్న మనవడు బటన్ నొక్కాడట. డోర్ దిగి ఆమె చేతి మీదికొచ్చింది, ఆగలేదు. ఎముకలకేం కాలేదు గానీ రెండు గోళ్లు నల్లబడ్డాయి. "పైసల కోసం ఏది పడితే అది బిగిస్తున్నవా అన్నా?" అన్నారాయన. పదహారేళ్లలో నన్ను ఆ మాట అన్నవాళ్లు లేరు. కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియడానికి ఒక రోజు పట్టింది.

డిక్కీని ఎత్తి పట్టుకునే రెండు షాకర్లు తీసేసి, వాటి చోట మోటారు రాడ్లు పెడతాం. ఒక్కో రాడ్డులో చిన్న మోటారు, గేర్లు, మర, స్ప్రింగు ఉంటాయి. మర ఎన్ని చుట్లు తిరిగిందో కంట్రోల్ బాక్సు లెక్కపెడుతూ ఉంటుంది. దారిలో ఏదైనా అడ్డొస్తే వేగం తగ్గుతుంది, మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. బాక్సు అది పసిగట్టి డోర్‌ను ఆపి వెనక్కి లేపాలి. ఆ ఒక్క పని సరిగ్గా చేయకపోతే మిగతా హంగులన్నీ దండగ.

మర్నాడు పొద్దున్నే నాలుగు లేత సొరకాయలు తెప్పించాను. రెండేళ్ల కింద నా సొంత బండికి బిగించిన పాత లాట్ కిట్‌తో మొదలుపెట్టా. సొరకాయకు డోర్ ఆనగానే బీప్ అని పైకి లేచింది, తొక్క మీద గీత కూడా పడలేదు. తర్వాత దసరాకు వచ్చిన కొత్త లాట్ కిట్ ఉన్న బండి. సొరకాయ నలిగింది, చీలింది, నీళ్లు బంపర్ మీదుగా కారాయి. అప్పుడు గానీ డోర్ ఆగలేదు. మా కుర్రాడొకడు నవ్వబోయి నా మొహం చూసి మానుకున్నాడు.

రెండు లాట్ల అట్టపెట్టెలు ఒకటే, పైన స్టిక్కర్లూ ఒకటే. కంట్రోల్ బాక్సు విప్పితే లోపల బోర్డు వేరేది. మాల్ ఇచ్చిన డిస్ట్రిబ్యూటర్‌కు ఫోటోలు పెట్టాను. మొదటిసారి "సేమ్ మాల్ భయ్యా" అన్నాడు. రెండోసారి ఫోన్ ఎత్తలేదు. మూడోసారి "వేరే షాపులోళ్లు ఎవరూ అడగలే, నీకొక్కడికే ఎందుకీ పంచాయితీ" అని, కిట్‌కు రెండు వేలు తగ్గిస్తానన్నాడు. నాకు తిక్కరేగింది ఆ రెండు వేల మాటకే. మోసం చేశాడన్నది ఒక ఎత్తయితే, తగ్గిస్తే నేను సర్దుకుంటానని అనుకోవడం ఇంకో ఎత్తు.

తప్పు నాదీ ఉంది, దాచను. ఇంతకుముందు ప్రతి బండికీ నా అరచెయ్యి అడ్డం పెట్టి చూశాకే తాళం ఇచ్చేవాణ్ని. దసరాకు కొత్త బండ్లు వరసకట్టాయి, అందరికీ పూజ టైమే కావాలి. తొమ్మిది బండ్లు చూడకుండా పంపేశాను.

వేరే డిస్ట్రిబ్యూటర్ దగ్గర తీసుకోవచ్చు కదా అని మా ఆవిడ అంది. లెక్కలు చూసేది ఆమే. షాపు అద్దెలో పెద్ద వాటా ఈ కిట్ల మీదే వస్తోందని ఆమెకు తెలుసు. మూడు రాత్రులు అదే ఆలోచించాను. కొత్తాయన మొదటి లాట్ బాగానే ఇస్తాడు. మూడో లాట్‌లో బోర్డు మారదని పూచీ ఎవరిది? ప్రతి కిట్ విప్పి చూసే ఓపిక నాకుంది, లోపల ఏ ప్రోగ్రాం ఎక్కించారో చూసే చదువు లేదు. అందుకే ఆపేశా. పక్క షాపుల్లో బిగిస్తారు, వెళ్లేవాళ్లను నేను ఆపను. వెళ్లేటప్పుడు ఒక సొరకాయ పట్టుకెళ్లండి.

ఇక కొత్త బండి కొంటూ "పవర్‌దా, మామూలుదా" అని అడిగేవాళ్లకు. కంపెనీ నుంచే వచ్చేదైతే ధైర్యంగా తీసుకోండి. 2019లో ఎంజీ హెక్టర్ టాప్ మోడల్‌లో వచ్చింది, 2023 అక్టోబరులో టాటా కొత్త హారియర్, సఫారీలకూ ఇచ్చారు. డోర్, తాళం, వైరింగ్ ఒకదానికోసం ఒకటి చేసినవి, వారంటీ ఉంటుంది. సెల్లార్ సీలింగ్ కిందికుంటే డోర్ ఎంతవరకు లేవాలో సెట్ చేయించుకోండి, లేకపోతే బీమ్‌కు కొట్టుకుంటుంది. కాలు ఊపితే తెరుచుకునే రకమైతే బండి కడిగేటప్పుడు తాళం జేబులో పెట్టుకుని వెనక నిలబడొద్దు. నీళ్ల ధారకే తెరుచుకుని డిక్కీ అంతా తడిసినవి చూశాను.

దానికోసమే పై మోడల్‌కు పోయే పనైతే మాత్రం నా ఓటు మామూలు డిక్కీకే. చెయ్యి అందని పెద్దవాళ్లకు లోపల ఒక పట్టీ బిగిస్తే లాగి వేసుకుంటారు, నూట యాభై రూపాయలు. జనవరి పొద్దుటిపూట డోర్ నెత్తి మీదికి జారుతోందంటే షాకర్లలో గ్యాస్ తగ్గిందని అర్థం, చలికి ఆ బలం ఇంకా తగ్గుతుంది. మార్చితే జతగా మార్చండి. పాతవాటికి మాత్రం చిల్లు పెట్టొద్దు, కాల్చొద్దు. లోపల నైట్రోజన్ గట్టి ప్రెషర్‌లో ఉంటుంది.

ఆ తొమ్మిది బండ్లవాళ్లకూ నేనే ఫోన్ చేశాను. కిట్ తీసేసి పూర్తి డబ్బు వాపసు ఇస్తున్నాను, డిస్ట్రిబ్యూటర్ నాకిచ్చినా ఇవ్వకపోయినా. అంతకుముందు బిగించుకున్నవాళ్లు కూడా ఒకసారి రండి, ఊరికే చెక్ చేసి ఇస్తాను. తమ బండి అసలు షాకర్లు ఏమయ్యాయని ముగ్గురు అడిగారు. స్క్రాప్‌కు అమ్ముకున్నాననుకున్నారేమో. జతకు జత రబ్బరు బ్యాండు వేసి, టేపు మీద బండి నంబరు రాసి అటక మీద పెట్టాను, ఒక్కటీ పోలేదు.

తొమ్మిదిలో ఆరు బండ్లు అయిపోయాయి. మిగతా ముగ్గురూ ఆదివారం లోపు రండి, గంట పని. వచ్చేటప్పుడు డిక్కీ ఖాళీ చేసుకుని రండి.