గోమార్ల జబ్బుకు టీకా, పరిశోధన రెండూ మా కొట్టాల దాకా రావాలి

ఆంధ్రప్రదేశ్ పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా చిత్తూరు జిల్లాలో వాన మొహం చాటేసిన ఏడు కూడా ఇల్లు గడిచేది జెర్సీ, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర జాతి ఆవుల పాల మీదే. ఆ ఆవులనే థైలీరియాసిస్ పొట్టన పెట్టుకుంటోంది. గోమార్లు కుట్టినప్పుడు ఒంట్లోకి చేరే పరాన్నజీవి జబ్బు ఇది. మొన్న వేసవిలో మా పక్కింటివాళ్ల ఆవుకు, ఈని నెల తిరక్కముందే, జ్వరం 106 డిగ్రీలు దాటింది. భుజం ముందు గ్రంథి కోడిగుడ్డంత వాచింది. కనురెప్ప తిప్పి చూస్తే లోపల రక్తమే లేనట్టు పాలిపోయింది. రక్త పరీక్ష రిపోర్టు వచ్చేసరికి ఆవు లేదు.

మందు లేక కాదు. బుపార్వాక్వోన్ ఇంజెక్షన్ తొలి రోజుల్లోనే పడితే చాలా ఆవులు కోలుకుంటాయి. ఇప్పుడు టెన్షన్ ఆ మందు గురించే. ట్యునీషియా, ఇరాన్, సూడాన్‌లలో దానికి లొంగని పరాన్నజీవులు బయటపడ్డాయి. సైటోక్రోమ్ బి అనే జన్యువులో వచ్చిన మార్పులే అందుకు కారణమని పరిశోధకులు గుర్తించారు. మనం నమ్ముకున్నదీ ఆ మందునే. మన మండలాల్లో అది ఎక్కడ పనిచేస్తోంది, ఎక్కడ చేయడం లేదు అన్నది రక్త నమూనాలు తీసి చూస్తేనే తేలుతుంది. తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పశు బయోటెక్నాలజీ సంస్థ ఈ పరాన్నజీవి మీదే పరిశోధన చేస్తోంది. ఆ పనికి నిధులిచ్చి, ఫలితాలు మా ఊరి పశువైద్యుడికి చేరేలా చూడండి.

ఇక టీకా. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ తయారుచేసిన రక్షావ్యాక్-టి ఉంది. కానీ 2019లో మొదలైన కేంద్ర ఉచిత టీకా కార్యక్రమం గాలికుంటు, చూడి పోయేలా చేసే బ్రూసెల్లోసిస్ జబ్బుల కోసం పెట్టింది, ఈ జబ్బు అందులో లేదు. రక్షావ్యాక్‌ను బలం తగ్గించిన బతికున్న పరాన్నజీవితోనే చేస్తారు కాబట్టి లిక్విడ్ నైట్రోజన్ అనే అతి చల్లని ద్రవంలోనే ఉంచాలి, అందుకే పల్లెకు తేవడం కష్టమంటారు. అయ్యా, ఎద సూది వేయడానికి వీర్యం మా ఊరికి వచ్చేది ఆ నైట్రోజన్ క్యాన్లలోనే కదా! నాటు పశువు ఈ జబ్బును చాలావరకు తట్టుకుంటుంది, సంకర జాతి ఆవు తట్టుకోలేదు. పాలు పెరుగుతాయని సంకర జాతిని మా కొట్టాల్లోకి తెచ్చింది ప్రభుత్వమే. దాన్ని కాపాడే టీకా కూడా అదే దారిన రావాలి.

గోడ పగుళ్లలో గోమార్లు గుడ్లు పెడతాయి, ఆవుకు మందు పూసినంత మాత్రాన అవి పోవు. అందుకే వచ్చే వేసవి ముదరకముందే కనీసం చిత్తూరు, తిరుపతి జిల్లాల సంకర జాతి దూడలకు ఈ టీకా ఉచితంగా వేయించండి.

ఇట్లు,
చిత్తూరు జిల్లా పాడి రైతు