బెలూన్ అనుమతి: అవునో కాదో చెప్పండి సార్

గౌరవనీయులైన అనుమతుల అధికారి గారికి,

నమస్కారం. బెలూన్ ఎగరేయడానికి అనుమతి అడుగుతూ మెయిళ్లు పెట్టాం, ఆఫీసుకొచ్చి అర్జీ ఇచ్చాం, జవాబు లేదు, అందుకే ఇక నలుగురి ముందూ అడుగుతున్నాం. మేం హైదరాబాద్‌లో లైసెన్స్ ఉన్న హామ్ రేడియో వాళ్లం (ఇష్టం కొద్దీ సొంత రేడియో సెట్లు నడిపేవాళ్లం), మాతో ఉన్నది ఇంజినీరింగ్ పిల్లలు.

మేం ఎగరేస్తామంటున్నది ఓ రబ్బరు బెలూన్, కింద పారాచూట్, థర్మోకోల్ డబ్బా. డబ్బాలోని చిన్న ట్రాన్స్‌మిటర్ తానెక్కడుందో 144-146 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో చెబుతూ ఉంటుంది. దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తులో, గాలి పీడనం నేల మీదున్నదాంట్లో నూరో వంతుకు పడిపోయేసరికి బెలూన్ ఉబ్బి ఉబ్బి పగిలిపోతుంది, డబ్బా పారాచూట్‌తో దిగుతుంది, మేం యాంటెనా పట్టుకుని కారులో దాని వెంట పోతాం. పైగాలి వేడి, తేమ కొలవడానికి వాతావరణ శాఖ రోజూ బెలూన్‌కి కట్టి వదిలే రేడియోసాండ్ అనే పరికరానిదీ దాదాపు ఇదే పద్ధతి.

విమానాల భద్రత మాకూ ముఖ్యమే. పైలట్లకు ముందే నోటామ్ (ఆకాశంలో ఏముందో హెచ్చరించే అధికారిక నోటీసు) వెళ్లాలనే కదా మిమ్మల్ని అడుగుతున్నది! (చెప్పకుండా వదిలేద్దామన్న సలహాలు మాకూ వచ్చాయి, వద్దన్నాం.)

కొన్ని జీపీఎస్‌లు 18 కిలోమీటర్లు దాటితే పనిచేయవు, ఆ చిక్కు విప్పడానికి పిల్లలు సెలవులన్నీ ధారపోశారు. ఇప్పుడు వాళ్లకిది ఫైనలియర్. ప్రాజెక్టు అటకెక్కింది, గ్యాస్ సిలిండర్‌కి కట్టిన అడ్వాన్సు పోయింది, అది వాళ్ల పాకెట్ మనీ.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. ఏ కాగితం తక్కువైందో, ఏ చోటు నుంచి, ఏ వేళలో వదలొచ్చో చెప్పండి. కుదరదంటే కారణం రాసి సంతకం పెట్టండి, తీసుకుంటాం.

ఇట్లు,
పిల్లల తరఫున ఒక హామ్ ఆపరేటర్