స్కానర్ కొనే ముందు ఫిల్మును చూడండి: సాంస్కృతిక శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు నమస్కారములు.

శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. అదే చోట కొత్త గోపురం లేచింది గానీ, పాత గోపురం మీది బొమ్మలను ఈ తరం పిల్లలకు చూపాలంటే నాటి ఫోటోలే దిక్కు. అటువంటి ఫోటోల నెగటివ్‌లూ స్లయిడ్లూ మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో మూతపడ్డ స్టూడియోల్లో, ఇళ్ల బీరువాల్లో ఉండిపోయాయి. మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమనే డబ్బాలను నేను చూశాను. అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము పాడవుతోందనడానికి అదే గుర్తు. మన ఎండలు, ఉక్కపోత ఆ పాడును ఇంకా తొందరపెడతాయి. అందుచేత తిరుపతిలోని ఒక ప్రభుత్వ గ్రంథాలయంలో ప్రజలు తమ ఫిల్ములను తెచ్చి స్కాన్ చేయించుకొనే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను.

ఆ ఏర్పాటుకు ప్రాణం స్కానర్. టెండరులో ఎక్కువ డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలుగా చదువుతుందో చెప్పే అంకె) ఉండాలన్న షరతు ఒక్కటే రాస్తే ప్రజాధనం వృథా అవుతుంది. ఎప్సన్ వి850 వంటి ఫ్లాట్‌బెడ్ (గాజు పలక మీద పరచి తీసే) స్కానర్‌కు 6400 డీపీఐ అని ప్రకటిస్తారు. సన్నని గీతలున్న పరీక్ష ఫలకం పెట్టి కొలిస్తే అది నిజంగా పట్టే వివరం సుమారు 2300 దగ్గర ఆగిపోతుంది. 24×36 మిల్లీమీటర్ల 35 ఎంఎం ఫ్రేము నుంచి ఆ లెక్కన దక్కేది 7 మెగాపిక్సెళ్లే. శిల్పం ముఖకవళికలు కనబడాలంటే అది చాలదు. అదే స్కానర్ పాత స్టూడియోలు వాడిన, 35 ఎంఎం కన్నా వెడల్పైన 120 రోలు నెగటివ్‌కు చక్కగా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ ఫ్రేమే పెద్దది. ప్లస్‌టెక్ 8200ఐ వంటి ఫిల్మ్ స్కానర్ 35 ఎంఎంలో ఇంకా ఎక్కువ వివరం పడుతుంది గానీ 120 ఫిల్ము అందులో పట్టదు, పైగా ఒక్కో ఫ్రేమును చేత్తో జరుపుతూ ఉండాలి. కాబట్టి ఖరీదైన ఒకే యంత్రం కన్నా ఈ రెండు రకాలూ కొనడమే మేలని నా అభిప్రాయం. నికాన్ కూల్‌స్కాన్ అనే పాత ఫిల్మ్ స్కానర్ మంచి యంత్రమే, నిజమే. కానీ తయారీ ఎప్పుడో ఆగిపోయి విడిభాగాలు దొరకని దాన్ని ప్రభుత్వ కార్యాలయం నమ్ముకోకూడదు.

ధూళిని, గీతలను ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో గుర్తించి తుడిచే సదుపాయం గురించి ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. రంగుల నెగటివ్‌కు అది వరమే. కానీ ఊటీలో తయారైన ఇందు ఫిల్ము వంటి నలుపు-తెలుపు నెగటివ్‌లలో బొమ్మను నిలిపేది వెండి. ఇన్‌ఫ్రారెడ్‌ను ఆ వెండే అడ్డుకోవడంతో యంత్రం బొమ్మనే ధూళిగా భ్రమించి చెరిపేస్తుంది. అక్కడ మెత్తని బ్రష్షు, గాలి ఊదే రబ్బరు బుడ్డి, ఓపికగల మనిషి తప్ప మరో దారి లేదు. ఆ మనిషికి శిక్షణ ఇవ్వడానికీ నిధులు కేటాయించండి.

టెండరు ఖరారు చేసే ముందు, పోటీలో ఉన్న ప్రతి యంత్రం మీద ఒకే నలుపు-తెలుపు నెగటివ్‌ను, మండపం లోపలి చీకట్లు చిక్కగా ఉన్న ఒకే స్లయిడ్‌ను స్కాన్ చేయించి, 16 బిట్ టిఫ్ (ఛాయల తేడాలను నష్టపోకుండా దాచే) ఫైళ్లను పక్కపక్కన పెట్టి, ఫోటోగ్రఫీ తెలిసినవారి చేత చూపించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
తిరుపతికి చెందిన ఒక ఫోటోగ్రాఫర్